మొండికేసిన ఫ్లైవీల్ నట్టు విప్పడం ఎలా: పాత బీటిల్ ఇంజను సొంతంగా విప్పుకునేవాళ్ల కోసం

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కొని, ఇంజను దించి, ఇంట్లోనే విప్పుకుందామని కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ ఒకేచోట ఆగిపోతున్నారు. "ప్రెషర్ ప్లేటు వచ్చింది, క్లచ్ ప్లేటు వచ్చింది, మధ్యలో ఉన్న పెద్ద నట్టు మాత్రం కదలనంటోంది. ఏం చెయ్యాలి?" ఇదే ప్రశ్న. కొందరు అడిగేసరికే టామీ (సాకెట్ తిప్పే పొడుగు కడ్డీ) వంచేసి ఉంటారు. ఇంకొందరు ఉలీ సుత్తీ తీసుకుని నట్టు అంచులు చెక్కేశాక అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా మొదటినుంచీ ఒకచోట రాసేస్తున్నాను.

అసలు విషయం ముందే చెబుతాను. ఈ నట్టు దగ్గర చాలామందికి చాలనిది బలం కాదు, పట్టు. ఫ్లైవీల్, అంటే క్లచ్ వెనకుండే బరువైన ఇనప చక్రం, కాస్త తిరుగుతున్నా, ఇంజను కాస్త ఊగుతున్నా మీరు వేసిన బలం నట్టుదాకా చేరదు. ఫ్లైవీల్‌ని అంగుళం కూడా కదలకుండా ఆపగలిగితే పనిలో ముప్పావు వంతు అయిపోయినట్టే. కాబట్టి కింద చెప్పిన వాటిలో ఊత గురించి రాసింది రెండుసార్లు చదవండి. మిగతాది ఒకసారి చదివినా సరిపోతుంది.

ఇంత బిగువు ఎందుకంటే, బీటిల్ ఇంజన్లో ఫ్లైవీల్ మొత్తాన్ని క్రాంకుకి (పిస్టన్లు తిప్పే ఇరుసుకి) పట్టి ఉంచేది ఈ ఒక్క నట్టే. నాలుగు డోవెల్ పిన్నులు (రెండింటి చిల్లుల్లోకీ దిగే పొట్టి ఇనప చీలలు) తోడుంటాయి, అంతే. కంపెనీ చెప్పిన బిగింపు 253 అడుగు పౌండ్లు, అంటే 343 న్యూటన్ మీటర్లు, మనకి తేలిగ్గా అర్థమయ్యే లెక్కలో 35 కేజీ మీటర్లు. మామూలు కారు చక్రం నట్టు బిగింపు వంద న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇది దానికి మూడింతలు పైమాటే. దానికి తోడు ఏళ్ల తరబడి ఇంజను వేడి తగిలి బిగుసుకుపోయి ఉంటుంది.

మారుతి 800, అంబాసిడర్ వాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. వాటికి ఇలా మధ్యలో ఒంటి నట్టు ఉండదు, చుట్టూ బోల్టులుంటాయి. మీకు కింద చెప్పిన ఊత పద్ధతి పనికొస్తుంది, కొలతలు మాత్రం పనికిరావు.

కావలసినవి

36 మి.మీ. సాకెట్, ముప్పావు అంగుళం డ్రైవుది (డ్రైవు అంటే టామీ దూరే చదరపు చిల్లు కొలత). లోపల ఆరు పలకలే ఉండాలి. పన్నెండు పలకలది పాత నట్టు మీద జారుతుంది. అర అంగుళం డ్రైవు సాకెట్‌తో మొదలుపెట్టకండి, విరిగేది నట్టు కాదు, మీ టామీ.

ముప్పావు అంగుళం డ్రైవు టామీ, దాని మీదకి ఎక్కే ఇనప పైపు. నట్టు మధ్య నుంచి కొలిస్తే మొత్తం ఒకటిన్నర మీటరు వచ్చేలా చూసుకోండి. పలచటి పైపు నొక్కుకుపోతుంది. మందపాటి నీళ్ల పైపు తీసుకోండి.

50×50×6 మి.మీ. ఇనప యాంగిల్ (L ఆకారపు ఇనుము) ముక్క, మీటరూ పావు పొడవు. ఆటోనగర్ పాత ఇనుము కొట్లలో తూకానికి దొరుకుతుంది. పట్టీ ఇనుము వద్దు, వంగిపోతుంది.

8 మి.మీ. హైటెన్సిల్ బోల్టులు రెండు, వాషర్లతో. ప్రెషర్ ప్లేటు బోల్టుల మరే కావాలి కాబట్టి పాత బోల్టు ఒకటి జేబులో వేసుకుని కొట్టుకి వెళ్లండి. యాంగిల్ మందం కలుపుకుని కొంచెం పొడుగువి అడగండి.

చిన్న జాకీ ఒకటి, చెక్క దిమ్మలు, కేజీ సుత్తి, పెయింటు మార్కరు, తుప్పు వదిలించే స్ప్రే. ఇంకో మనిషి. ఈ చివరిది తప్పనిసరి.

సాకెట్ కోసం కొత్తగా ఖర్చు పెట్టాలా అంటే అక్కర్లేదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ పనులు చేసే ఏ షెడ్డులోనైనా ముప్పావు అంగుళం సెట్టు ఉంటుంది. గుంటూరు వాళ్లకి అక్కడి ఆటోనగర్ ఉంది. "అన్నా, 36 గోటీ ఒక్క పూటకి ఇవ్వవా" (సాకెట్‌నే గోటీ అంటారు) అంటే డిపాజిట్ పెట్టుకుని ఇచ్చేవాళ్లున్నారు. అదే సాకెట్ బిగించేటప్పుడు మళ్లీ కావాలని గుర్తుపెట్టుకోండి. చాలామంది విప్పడానికే తెచ్చుకుని ఇచ్చేస్తారు.

పని మొదలు

1. ఇంజను విప్పకముందే ఈ నట్టు పని చూడండి. ఇంజను కారులోంచి దిగాక, హెడ్లు సిలిండర్లు ఇంకా మీదుండగానే. బరువు వంద కేజీల పైచిలుకు ఉంటుంది కాబట్టి అదే మీకు సగం పట్టు. హెడ్లు తీసేసి, కేసు (క్రాంకు కూర్చునే ఇంజను డొక్క) ఒక్కటే బల్ల మీద పెట్టుకుని ఈ నట్టుతో కుస్తీ పడితే కేసు బల్లమీద నాట్యం చేస్తుంది, నట్టు మాత్రం నవ్వుకుంటుంది. కేసు రెండుగా విడదీశాక క్రాంకుని చేతిలో పట్టుకుని విప్పుదామనుకునేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. క్రాంకుని పట్టే చోటే ఉండదు.

2. ఆయిలు దించేసి, ఇంజన్ని సిమెంటు నేల మీద చెక్క దిమ్మలు వేసి కూర్చోబెట్టండి. టైల్స్ మీద వద్దు. ఫ్లైవీల్ మీవైపు ఉండాలి, చుట్టూ ఒకటిన్నర మీటరు ఖాళీ ఉండాలి. ఒక చేత్తో ఊపి చూడండి. ఊగితే దిమ్మలు మార్చండి. పెట్రోలు పంపు, పైపులు అక్కడి నుంచి తీసేయండి. మే నెలలో అయితే పొద్దున్నే పెట్టుకోండి. ఎండలో ఉన్న ఇనుము మధ్యాహ్నానికి పట్టుకోనివ్వదు, చెమట చేతుల్లో పైపు జారుతుంది.

3. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఆరు. ఒక్కోదాన్ని పూర్తిగా ఊడదీయకుండా, ఎదురెదురుగా ఒక్కో చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. ఒకవైపు అంతా విప్పేస్తే స్ప్రింగు బలానికి ప్లేటు మెలి తిరుగుతుంది. క్లచ్ ప్లేటు ఏ ముఖం బయటికుందో ఫొటో తీసుకోండి. లోపలి నల్లటి దుమ్ముని గాలి కొట్టి ఊదకండి. పాత ప్లేట్ల పూతలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడిచి గుడ్డ పారేయండి.

4. ఇప్పుడు నట్టు కనిపిస్తుంది. మధ్యలో చిల్లు, లోపల సన్నటి సూదుల్లాంటి రోలర్లతో బేరింగు. గేరుబాక్సు షాఫ్టు కొస తిరిగేది అందులోనే. అందుకే దాని మీద సుత్తి దెబ్బ పడకూడదు. నట్టు మూలల్లో పేరుకున్న మట్టి, గ్రీజు ముద్దలు స్క్రూడ్రైవరు కొసతో గీకి తీయండి. సాకెట్ అడుగుదాకా దిగాలి. తర్వాత పెయింటు మార్కరుతో నట్టు మీద నుంచి ఫ్లైవీల్ మీదకి ఒకే గీత గీయండి. నట్టు నిజంగా కదిలిందో లేదో చెప్పేది ఆ గీత ఒక్కటే. స్ప్రే కూడా కొట్టి రాత్రంతా వదిలేయండి. నిజం చెప్పాలంటే ఈ నట్టు మర క్రాంకు లోపలెక్కడో ఉంటుంది, స్ప్రే అక్కడిదాకా పెద్దగా పోదు. వాషరు కిందికి కాస్త దిగినా మంచిదే కదా అని కొట్టడమే.

5. ఊత. యాంగిల్‌కి రెండు చిల్లులు వేయించి, ప్రెషర్ ప్లేటు బోల్టులుండే చిల్లుల్లో రెండింటికి బిగించండి. యాంగిల్ మధ్యలోంచి పోకూడదు, సాకెట్‌కి చోటు వదిలి పక్కగా పోవాలి. బోల్టులు పూర్తిగా లోపలికి దిగాలి. రెండు చుట్లు పట్టాయి కదా అని వదిలేస్తే ఫ్లైవీల్ మర పీకేస్తుంది.

ఇక ఏ పక్కకి పెట్టాలన్నది. ఈ నట్టుది మామూలు మరే. ఫ్లైవీల్‌కి ఎదురుగా నిలబడితే గడియారం ముల్లుకి ఎదురు దిక్కున వదులవుతుంది. మీరు అలా తిప్పినప్పుడు ఫ్లైవీల్ కూడా అటే తిరగబోతుంది, అంటే మీ ఎడమచేతి వైపు అంచు కిందకి దిగుతుంది. కాబట్టి యాంగిల్ కొస మీ ఎడమవైపు చాచి, నేలకి ఆనాలి. నేలకీ దానికీ మధ్య సందు ఉంటే చెక్క ముక్క దూర్చండి. కేసు కింది భాగంలో బయటికొచ్చిన రెండు స్టడ్‌లు ఉంటాయి. యాంగిల్ వాటి మీద ఆనకూడదు. స్టడ్ మరా పోతుంది, కేసు చెవీ విరుగుతుంది. ఆ కేసు మెగ్నీషియం మిశ్రమం, ఇనుములా ఓర్చుకోదు.

పైపు కూడా ఎడమవైపే ఉండాలి, యాంగిల్ ఉన్నవైపే. దీన్ని చాలామంది తిరగేస్తారు. పైపు కుడివైపు పెట్టి పైకి లాగితే, మీ లాగుడూ యాంగిల్ కింద నేల తోపుడూ రెండూ ఇంజన్ని పైకే ఎత్తుతాయి. వంద కేజీల ఇంజను దిమ్మల మీద నుంచి లేచి పక్కకి ఒరుగుతుంది. రెండూ ఒకే పక్కనుంచి మీరు కిందకి నొక్కితే, నేల పైకి తోస్తుంది, చాలామటుకు రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇంజను ఉన్నచోటే ఉంటుంది.

6. సాకెట్ ఎక్కించి, టామీ తలకాయ కింద జాకీ పెట్టి, సాకెట్ నట్టుకి తిన్నగా ఉండేలా ఎత్తండి. ఇది చిన్న పనే గానీ దీన్ని వదిలేసినవాళ్లకే నట్టు అంచులు గుండ్రమవుతున్నాయి. పైపు బరువుకి సాకెట్ కిందికి వాలి, మూలల కొసల మీదే పట్టుకుంటుంది. జాకీ ఉంటే వాలదు. అంచులు ముందే కొంచెం అరిగి ఉంటే, సాకెట్ మూతి దగ్గర లోపలివైపు ఉండే ఏటవాలుని గ్రైండరుతో సమంగా అరగదీయండి. అప్పుడు సాకెట్ నట్టుని మొదలుదాకా పట్టుకుంటుంది. అరువు తెచ్చిన సాకెట్ అయితే ముందు అడగండి మరి.

7. పైపుని కొంచెం పైకి, గడియారంలో పది చూపించే చోట పెట్టి మొదలెట్టండి. రెండో మనిషి పని సాకెట్ తలకాయని నట్టుకి అదిమి పట్టుకోవడం, యాంగిల్‌ని గమనించడం. చెప్పులు కాదు, బూట్లు. లుంగీ అసలే వద్దు. ముఖం పైపుకి తిన్నగా పైన ఉండకూడదు. జారితే పైపు నేలకి తగిలి ఎగురుతుంది.

పైపు కొస దగ్గర రెండు చేతులూ వేసి మెల్లగా బరువు వెయ్యండి. ఎగిరెగిరి తొక్కకండి. ఒకేవిధంగా పెరిగే బరువు పెట్టి పది పదిహేను సెకన్లు అలాగే ఉంచండి. పైపు వంగి స్ప్రింగులా కిందికొస్తుంది, నట్టు కదిలిందనిపిస్తుంది. అది నమ్మకండి, గీత చూడండి. నిజంగా వదిలినప్పుడు టక్ మని గట్టి చప్పుడొస్తుంది, గీత రెండుగా విడిపోతుంది. చప్పుడొచ్చి గీత విడిపోకపోతే సాకెట్ జారిందన్నమాట. వెంటనే ఆపి అంచులు చూడండి.

డెబ్బై కేజీల మనిషి ఒకటిన్నర మీటరు దగ్గర బరువంతా వేస్తే 105 కేజీ మీటర్లు, అంటే కంపెనీ బిగింపుకి మూడు రెట్లు. దానికి చాలా నట్లు వచ్చేస్తాయి.

అప్పటికీ రాకపోతే

ముందు యాంగిల్ చూడండి. అది వంగుతుంటే, లేదా ఫ్లైవీల్ కొద్దిగానైనా తిరుగుతుంటే, తప్పు నట్టుది కాదు. ఊత సరిచేసి మళ్లీ చూడండి.

ఊత గట్టిగా ఉన్నా రాలేదంటే, పైపు మీద ఒకరు బరువు పెట్టి ఉంచగా, రెండోవాళ్లు సాకెట్ తలకాయ మీద నట్టువైపు తిన్నగా సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వెయ్యాలి. పక్కనుంచి కాదు. దెబ్బ అదురుకి మర పట్టు వదులుతుంది. పెద్ద సమ్మెటతో బాదితే ఆ అదురు లోపలి మెయిన్ బేరింగు దాకా పోతుంది. సుత్తి కేజీ దాటకూడదు.

అదీ కాలేదా, ఇంజన్ని చిన్న ట్రక్కులోకి ఎక్కించి ఆటోనగర్ తీసుకెళ్లండి. లారీ చక్రాలు విప్పే పెద్ద గాలి గన్ను పెడితే క్షణాల్లో వస్తుంది. కారు టైర్ల కొట్లలో ఉండే అర అంగుళం గన్ను దీనికి చాలదు, అక్కడ సమయం పారేసుకోకండి. గన్ను పెట్టేటప్పుడు కూడా యాంగిల్ బిగించే ఉంచండి. గన్ను విప్పడానికే సుమా. "బిగించేది కూడా మేమే కొట్టేస్తాం" అంటే వద్దని చెప్పండి. ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు.

లారీ నట్లు విప్పడానికి చేత్తో తిప్పే గేరు రెంచి దొరుకుతుంది. చిన్న తిప్పుడికి పెద్ద బలం వస్తుంది. దాని చెయ్యి ఆనడానికి గట్టి చోటు కావాలి. మీ యాంగిల్ మీద ఆనేలా సర్దుకోగలిగితే మంచి సాధనం. ఇదీ విప్పడానికే.

గ్యాస్ మంట గురించి చాలామంది అడుగుతారు. ఈ ఇంజను దగ్గర నేను వద్దనే అంటాను. ఫ్లైవీల్ వెనకే రబ్బరు సీలు, దాని వెనకే మెగ్నీషియం కేసు, చుట్టూ నూనె మరకలు. మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు పోసి ఆర్పలేరు, నీళ్లు పోస్తే ఇంకా మండుతుంది. నట్టు అంచులు పూర్తిగా పోయి సాకెట్ పట్టే స్థితి లేకపోతే మంటకన్నా మంచి లేతు పనివాడే దిక్కు. నట్టు తల డ్రిల్లుతో పలచన చేసి చీల్చి తీస్తారు. నట్టు కొత్తది దొరుకుతుంది. క్రాంకు అంత తేలిగ్గా దొరకదు.

ఎక్కువగా జరిగే తప్పులు

ఫ్లైవీల్ పళ్ల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి ఆపడం. పన్ను విరుగుతుంది, లేదా స్క్రూడ్రైవరు ఆనినచోట కేసు పగులుతుంది. స్టార్టరు మోటారు రేపు ఆ పన్ను దగ్గరికొచ్చి ఆగినప్పుడల్లా గరగరలాడుతుంది.

వెనకవైపు పుల్లీ బోల్టుకి పానా వేసి క్రాంకుని ఆపాలనుకోవడం. ఇక్కడ నట్టు వదిలే దిక్కున క్రాంకు తిరగబోతే అక్కడ పుల్లీ బోల్టు వదులైపోతుంది. పని అవ్వదు, పుల్లీ వంగుతుంది.

స్పార్కు ప్లగ్గు చిల్లులోంచి సిలిండర్లోకి తాడు దూర్చి పిస్టన్‌ని ఆపడం. చిన్న బైకు ఇంజన్లకి ఈ కిటుకు నడుస్తుంది. ఇంత బలానికి పిస్టన్, కనెక్టింగ్ రాడ్ అడ్డం పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఉలి. నట్టు మూల మీద ఉలి పెట్టి కొట్టి తిప్పడం మన షెడ్లలో పాత అలవాటు. చిన్న నట్టుకి చెల్లుతుందేమో. ఇక్కడ ముక్క ఎగిరి కంట్లో పడుతుంది, లేదా అదురుకి సూది రోలర్లు చెదిరిపోతాయి.

రాకపోయేసరికి కంగారులో దిక్కు మార్చి చూడటం కూడా మామూలే. "కొంచెం బిగిస్తే వదులుతుందేమో" అని. మీ వెనకనుంచి ఎవరైనా అలా సలహా ఇస్తే టీ తాగి రమ్మని పంపించండి.

నట్టు వచ్చాక

ఫ్లైవీల్ వెంటనే ఊడి రాదు. డోవెల్ పిన్నులు, ఓ రింగు (O ఆకారపు రబ్బరు వలయం) పట్టుకుంటాయి. ముందు ఫ్లైవీల్ మీద, క్రాంకు మీద కలిసేలా గుర్తు పెట్టండి. నట్టుని పూర్తిగా తీయకుండా రెండు చుట్లు ఉంచి, చెక్క దిమ్మ పెట్టి అంచు మీద అటోసారి ఇటోసారి తట్టుతూ రండి. నట్టు ఉంటే ఫ్లైవీల్ ఒక్కసారిగా కాలి మీద పడదు. ఏడెనిమిది కేజీల ఇనుము అది. ఫ్లైవీల్‌కీ కేసుకీ మధ్య మాత్రం మీటరు పొడుగు రాడ్డు దూర్చి ఎగదన్నకండి. సీలు కూర్చునే చోటు గీసుకుపోతే ఇంజను కట్టాక ఆయిలు కారుతుంది, మళ్లీ అంతా దించాలి.

వెనక సన్నటి రేకు వలయాలు మూడు ఉంటాయి. వాటిని షిమ్‌లు అంటారు. ఒకటి క్రాంకుకి, ఒకటి సీలుకి అతుక్కుని ఉండొచ్చు. వెతికి మూడూ ఒక కవర్లో పెట్టుకోండి.

ఇప్పుడు నాలుగు డోవెల్ చిల్లులూ చూడండి, క్రాంకు వైపూ ఫ్లైవీల్ వైపూ. చిల్లు చుట్టూ కుంకుమరంగు పొడి ఉంటే ఫ్లైవీల్ ఇన్నాళ్లూ లోలోపల కదిలిందని అర్థం. పిన్ను వేలితో పెట్టి ఊపితే ఊగుతుందా, చిల్లు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందా చూడండి. వస్తే అలాగే బిగించి ప్రయోజనం లేదు. లేతు షెడ్డులో అదనంగా ఇంకో నాలుగు డోవెల్‌లు వేయించుకోవాలి, లేదా మంచి ఫ్లైవీల్, క్రాంకు వెతుక్కోవాలి. కొత్త ఫ్లైవీల్ తెప్పించేముందు పళ్లు లెక్కపెట్టండి. పాత 6 వోల్టు బండ్లకి 109, తర్వాతి 12 వోల్టు బండ్లకి 130. ఒకదాని బదులు ఒకటి తెప్పించుకుని తిప్పలు పడుతున్నవాళ్లు చాలామంది.

నట్టులో వేలు పెట్టి బేరింగు తిప్పండి. గరుకుగా ఉన్నా, ఒక్క రోలరు లేకపోయినా నట్టు మార్చండి. బాగుంటే ఒక గ్రాము గ్రీజు చాలు. దట్టంగా కూరితే అది కరిగి క్లచ్ ప్లేటు మీద పడుతుంది, క్లచ్ జారుతుంది. వాషరు వంగినా, నట్టు అంచులు అరిగినా కొత్తవే వెయ్యండి.

తిరిగి బిగించడం

ముందు క్రాంకు ముందుకీ వెనక్కీ ఎంత ఆడుతోందో చూడాలి. సీలు వేయకుండా, రెండు షిమ్‌లు మాత్రం పెట్టి, ఫ్లైవీల్ బిగించి, డయల్ గేజితో (సన్నటి కదలికని ముల్లుతో చూపే సాధనం) ఆట కొలవండి. వచ్చినదాంట్లోంచి 0.10 తీసేయండి. మిగిలిందే మూడో షిమ్ మందం. ఉదాహరణకి గేజి 0.44 మి.మీ. చూపిస్తే 0.34 షిమ్ కావాలి. ఇవి 0.24, 0.30, 0.32, 0.34, 0.36, 0.38 మి.మీ. మందాల్లో వస్తాయి. చివరికి ఆట 0.07 నుంచి 0.13 మి.మీ. లోపు ఉండాలి. షిమ్‌లు ఎప్పుడూ మూడే, రెండూ కాదు, నాలుగూ కాదు. గేజి అయస్కాంతం స్టాండు ఈ కేసుకి అంటుకోదు, మెగ్నీషియం కదా. కేసు చిల్లుకి చిన్న ఇనప ముక్క బోల్టు వేసి దాని మీద స్టాండు పెట్టండి.

తర్వాత కొత్త సీలు, ఫ్లైవీల్లో కొత్త ఓ రింగు వెయ్యండి. బాగా పాత మోడళ్లలో ఓ రింగు బదులు పలచటి గ్యాస్కెట్ ఉంటుంది. మీది ఏదో చూసుకోండి. యాంగిల్ ఇప్పుడు కుడివైపుకి మార్చాలి, పైపూ కుడివైపే. నట్టు మరకి, వాషరు ముఖానికి చుక్క ఆయిలు రాయండి.

35 కేజీ మీటర్ల బిగింపు ఎలా కొలవాలి? అర అంగుళం టార్క్ రెంచిలు చాలావాటిలో 210 న్యూటన్ మీటర్ల దగ్గరే అంకెలు అయిపోతాయి. లారీ షెడ్డులో ముప్పావు అంగుళం టార్క్ రెంచి దొరికితే సరేసరి. దొరక్కపోతే ఇంట్లో బియ్యం బస్తా ఉంది. బరువుని దూరంతో గుణిస్తే బిగింపు. పాతిక కేజీల బస్తా 1.4 మీటర్ల దగ్గర వేలాడితే 35. ఇప్పుడు కొట్లలో ఎక్కువగా ఇస్తున్నవి 26 కేజీల బస్తాలు. 2022లో పాతిక కేజీల దాకా ప్యాకెట్ బియ్యానికి జీఎస్టీ పెట్టాక బస్తాలో కేజీ పెరిగింది. కాబట్టి బస్తా మీద అంకె చూసి లెక్క వెయ్యండి.

పైపు సొంత బరువుని మర్చిపోకూడదు. దాని బరువు సగం పొడవు దగ్గర పనిచేస్తుంది. నట్టు మధ్య నుంచి కొసదాకా ఒకటిన్నర మీటరు, టామీతో కలిపి ఆరు కేజీలు అనుకుందాం. 6ని 0.75తో గుణిస్తే 4.5. మిగిలింది 30.5. దాన్ని 26తో భాగిస్తే 1.17 మీటర్లు. బస్తాని నట్టు మధ్య నుంచి 117 సెంటీమీటర్ల దగ్గర కట్టాలి.

సాకెట్ తలకాయ కింద జాకీ ఇప్పుడు కూడా ఉండాలి. బస్తాని చేత్తో ఎత్తి పట్టుకుని మెల్లగా వదలండి. ధబాలున వదిలితే లెక్క తప్పుతుంది. పైపు దిగి, నేలకి సమాంతరంగా ఆగిపోవాలి. ఇంకా కిందకి జారుతుంటే సాకెట్ తీసి ఒక పలక పైకి మార్చి మళ్లీ వేలాడదీయండి. సమాంతరంగా ఉన్నప్పుడు పైపు ఇక కదలకపోతే బిగింపు సరిపోయింది. అప్పుడు కొత్త గీత గీయండి.

యాంగిల్ తీసి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పండి. ఒకేలా తిరగాలి, ఎక్కడా పట్టకూడదు. డయల్ గేజితో ఆట మళ్లీ ఒకసారి కొలవండి. 0.07 కన్నా తగ్గితే విప్పాల్సిందే. షిమ్ మధ్యలో చిన్న ఇసుక రేణువున్నా లెక్క మారిపోతుంది. 0.13 దాటితే షిమ్ తప్పు ఎంచుకున్నారన్నమాట.

ఇంజను ఎక్కించి మొదటిసారి తిప్పి వచ్చాక, బండి కింద ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట అట్టముక్క ఒకటి పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున చుక్క కనిపిస్తే వేలికి రాసుకుని వాసన చూడండి. ఘాటుగా గంధకం వాసన కొడితే అది గేరు ఆయిలు, గేరుబాక్సు షాఫ్టు సీలు పోయింది, మీ నట్టుకి సంబంధం లేదు. మామూలు ఇంజను ఆయిలైతే ఫ్లైవీల్ వెనక సీలు గానీ, ఓ రింగు గానీ సరిగ్గా కూర్చోలేదు. ఆ 36 సాకెట్ ఇంకా తిరిగివ్వకండి.